ముందే తీర్చిన మొక్కు

ఆ మిషనులో నన్ను మొదటిసారి నిలబెట్టిన రోజు నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది. ముప్పై మూడేళ్ల మగవాణ్ణి. నడుముకు ఒక బెల్టు, ఛాతీకి ఒకటి, తొడల సందుల్లోంచి రెండు. అన్నీ కలిపి పైనున్న కొక్కేనికి తగిలించి, బటన్ నొక్కి, చక్రాల కుర్చీలోంచి నన్ను గాల్లోకి లేపారు. నేను పనిచేసే ఫ్యాక్టరీలో పొడి నింపిన డ్రమ్ములను సరిగ్గా ఇలాగే లేపేవాళ్లం. డ్రమ్మునైతే ఎవరూ నిలబడి చూడరు. ఇక్కడ తమ వంతు కోసం కూర్చున్న రోగులు ఐదుగురు, వాళ్లతో వచ్చినవాళ్లు ఇంకో ఐదుగురు, కళ్లప్పగించి చూస్తున్నారు.

తర్వాత నా కాళ్లకు రెండు ఇనుప కాళ్లు కట్టారు. తుంటి దగ్గర ఒక మోటరు, మోకాలి దగ్గర ఒక మోటరు, అటు రెండు, ఇటు రెండు. పాదాల కింద తిరిగే పట్టా. ఫిజియో అమ్మాయి ఇంకో బటన్ నొక్కింది. నా కుడికాలు లేచింది, ముందుకు పోయింది, ఆనింది. ఎడమకాలు లేచింది. నెలల తరబడి మంచం మీద తోటకూర కాడల్లా పడి ఉన్న కాళ్లు పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు నడుస్తున్నాయి. నేను మాత్రం ఏమీ చేయడం లేదు.

ఆ ఫిజియో అమ్మాయిది అచ్చంపేట. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. అన్నా అని పిలుస్తుంది కానీ తిట్టడం మాత్రం అక్కలా తిడుతుంది. మొదటిరోజే చెప్పింది.

"అన్నా, ఇప్పుడు మోటరు సాయం నిండుగ పెట్టిన. అది నడిపిస్తాంటె నువ్వు గూడ మనసు పెట్టి దానెంబడి కాలు ఎత్తాలె. నీకు బలం వస్తున్నకొద్ది నేను సాయం తగ్గించుకుంట పోత. నువ్వు ఊకున్నవనుకో, అది నడుస్తది, నువ్వు ఉత్తగ ఊగుతవు."

విన్నాను. తలూపాను. నా కళ్లు మాత్రం ఎదురుగా తెర మీద పెరుగుతున్న అడుగుల అంకె మీదే ఉన్నాయి.

నేను చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. అక్కడే చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. మా ఊరు అదే హైవే మీద ఇంకా ముందుకు పోతే కేతేపల్లి దిక్కు. ఒక వానాకాలం మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగి ఊరికి పోతుంటే సర్వీసు రోడ్డు మీద తడి ఇసుకలో బండి జారింది. ఎవరి తప్పూ లేదు, నా తొందర తప్ప. వీపు పోయి రోడ్డు అంచు రాయికి తగిలింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, వెన్నులో నరం నలిగింది, తెగలేదు అన్నాడు. తెగి ఉంటే ఆశ వదులుకునేవాళ్లం. నలగడం అంటే ఏమిటో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నెలన్నర తర్వాత ఎడమకాలి బొటనవేలు కదిలింది. ఆ ఒక్క వేలును నమ్ముకుని నన్ను పట్నం శివారులోని ఈ ఫిజియో కేంద్రానికి పంపారు. రాబోయే కొన్ని నెలల్లో ఎంత కదలిక వస్తే అంతే, ఆ తర్వాత కష్టం అన్నాడు డాక్టరు. నడుస్తానా, బతుకంతా కుర్చీలోనే ఉంటానా అన్నది ఆ కొన్ని నెలల్లో తేలిపోవాలి.

అమ్మ నాతో ఉండలేదు. ఉండాలని లేక కాదు. నేను పదో తరగతిలో ఉండగా నాయిన పోయాడు. అప్పటి నుంచీ మందను అమ్మే చూసుకుంటోంది. సర్కారు గొర్రెలు పంచిన తర్వాత మంద ఇంకా పెరిగింది. గొర్రెలకు ఆదివారం ఉండదు. ఒక్కపూట మేతకు తోలకపోతే దొడ్డి అరుపులతో అదిరిపోతుంది. అందుకని మా అక్క భర్త, ఊళ్లో ఆటో నడిపే మా బావ, ప్రతి ఆదివారం వచ్చి చూసిపోయేవాడు. అమ్మతో నాకు మిగిలింది సాయంత్రం ఫోను. ఆమెది బటన్ల ఫోను, మాట వినపడడమే తప్ప మనిషి కనపడదు.

ఆ ఫోనులో నేను మాట్లాడిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు. నన్నెందుకు బతికించిండ్రని ఒకరోజు, ఇంత విషమిచ్చి పడెయ్యమని ఇంకోరోజు. "గొర్రెకు కాళ్లు పోతే కోసుకుంటం. నన్నేం చేసుకుంటరు?" అని కూడా ఒకసారి అన్నాను. దానికి అమ్మ, "తిన్నవా?" అని అడిగి పెట్టేసింది. రాతిగుండె మనిషి అనుకున్నాను.

ఇక మిషను సంగతి. వారం తిరిగేసరికి నాకు దానితో స్నేహం కుదిరింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవాడిలా హాయిగా ఉండేవాణ్ణి. గోడ మీద టీవీ చూస్తుంటే కాళ్లు వాటంతటవే పోతుండేవి. "అన్నా, నీ వంతు ఏది?" అని ఆ అమ్మాయి అరిచినప్పుడల్లా, "పెడుతున్న, పెడుతున్న" అనేవాణ్ణి. ఏం పెట్టానో నాకే తెలియదు. పదో రోజున తెర మీద అంకె ఎనిమిది వందలు దాటింది. ఆ సాయంత్రం అమ్మకు నేనే ముందు ఫోను చేశాను.

"అమ్మా, ఇయ్యాల ఎనిమిది వందల అడుగులు నడిచిన."

ఫోనులో గొర్రెల మెడగంటలు వినపడుతున్నాయి.

"ఎవ్వలు పట్టుకోలేదా?"

"ఎవ్వలు పట్టుకోలే."

అది అబద్ధం కాదు. మనుషులెవరూ పట్టుకోలేదు. ఏ వకీలూ ఇంత తెలివిగా నిజం చెప్పలేడు. మిషను పేరు ఎత్తితే నా ఎనిమిది వందలు చిన్నబోతాయని ఎత్తలేదు. ఆ రోజు చాలాసేపు మాట్లాడాను, నవ్వాను, ఏ గొర్రె ఈనిందో, ఏ గొర్రెకు జబ్బు చేసిందో కూడా అడిగాను.

ఆదివారం బావ స్టీలు టిఫిను తెచ్చాడు. మూత తీయగానే మాంసం కూర వాసన. కేంద్రం వాళ్ల పప్పుచారుతో చచ్చిపోయిన నోరు నాది. మాట్లాడకుండా తిన్నాను. మూలుగ బొక్కను పీల్చుకుంటూ అడిగాను.

"ఏం పండుగ బావా?"

"పండుగేంది? నీ మొక్కే. అత్త నిన్న గంగమ్మకు పొట్టేలును కోసింది. ఊరందరికి పెట్టింది. నువ్వు నడిచినవు గదా!"

బొక్క చేతిలోనే ఉండిపోయింది.

మా గొల్లవాళ్లలో మొక్కంటే ఊరికే నోటిమాట కాదు. ఏ పొట్టేలును మొక్కుతారో ఆ రోజే దాని చెవి కొంచెం కోసి, గుర్తు పెట్టి, మళ్లీ మందలోకి వదిలేస్తారు. ఇక అది అమ్మవారిది. దాన్ని అమ్మరు, బదులివ్వరు, ఎవరి చేన్లో పడినా కర్రతో కొట్టరు. నేను పడిన మూడోరోజునే అమ్మ మందలోకెల్లా మంచి పొట్టేలు చెవి కోసింది. నా కొడుకు తన కాళ్ల మీద తాను నడిస్తే దీన్ని నీకిస్త అని మొక్కింది. కోరిక తీరాకే కోయాలి. ఎవరి కోసం మొక్కారో ఆ మనిషి కాలినడకన గంగమ్మ గద్దె దాకా పోయి, కొబ్బరికాయ కొట్టి రావాలి. ముందు పని, ఆ తర్వాత పొట్టేలు. దీన్ని తలకిందులు చేసినవాళ్లను నేను మా వాడలో చూడలేదు, వినలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నాకు అడుగు లేదు నడక లేదు, ఊరంతా తిని చేతులు కడుక్కుంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక బావ మీద వచ్చింది.

"నువ్వన్న చెప్పొద్దా? నేనెట్లున్ననో నువ్వు చూస్తలేవా?"

"నేనొచ్చేదే ఆదివారం. ఆదివారం మిషిను బందుంటది. నేనేడ చూసిన?" అన్నాడు. నిజమే. "ఊర్లె అందరు లెక్కలు గూడ ఏసుకుంటున్నరు. మనింటికాడికెల్లి గద్దె దాక పోయి రానీకి ఎనిమిది వందలు మస్తు సరిపోతయట. ఎప్పుడొస్తడు, ఎప్పుడొస్తడు అని ఒకటే అడుగుడు."

అప్పుడు చెప్పాను, ఆ అడుగులు ఎవరివో. బావ నోరు తెరిచి విన్నాడు. చివరికి, "అయితే ఏం? గంగమ్మ తిననే తిన్నది. ఇగ నిన్ను నడిపియ్యక ఆమెకు గూడ వేరే తొవ్వ లేదు" అని నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

"అమ్మకు చెప్పకు బావా."

"నేను చెప్ప. నువ్వే చెప్పుకో."

సోమవారం బెల్టులు బిగిస్తుండగానే ఫిజియో అమ్మాయితో అన్నాను, మోటరు తగ్గించమని. "ఇన్ని దినాల సంది నేను మొత్తుకునేది గదే గద అన్నా" అంటూ తగ్గించింది. నాలుగో అడుగులో కుడికాలి వేళ్లు పట్టాకు రాసుకున్నాయి. మిషను కీచుమని అరిచి ఆగిపోయింది. కాలు దాని లయకు అడ్డం పడితే ఆగిపోయేలాగే దాన్ని చేశారు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది. ఆ అరగంటలో ఎన్నిసార్లు ఆగిందో నేను లెక్కపెట్టలేదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు పెట్టే ఉంటారు. తెర మీద అంకె వంద కూడా దాటలేదు.

నడక మరిచిపోవడం ఎలా ఉంటుందో మరిచిపోనివాళ్లకు చెప్పడం కష్టం. కాలు ఎత్తు అని నాకు నేను చెప్పుకుంటాను. ఆ మాట నడుము దాకా దిగుతుంది. అక్కడ ఆగిపోతుంది. మళ్లీ చెబుతాను. పళ్లు బిగుస్తాయి, పిడికిళ్లు బిగుస్తాయి, మెడ నరాలు లేస్తాయి, కదలనిది కాలు ఒక్కటే. ఎప్పుడో ఒకసారి, ఇరవై అడుగులకో ముప్పై అడుగులకో, తొడ లోపల ఎక్కడో చిన్న జవాబు వస్తుంది. మోటరు లాగకముందే కాలు లేవబోయిందని తెలుస్తుంది. ఆ ఒక్క జవాబు కోసం చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయేది.

రెండు రోజులకే నా ఓపిక అయిపోయింది. "మోకాలు మర్చిపో, తుంటికాడికెల్లి లేపు. ఇంక లేపు, ఇంక లేపు" అని ఆ అమ్మాయి అంటుంటే ఒళ్లు మండింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఉత్తగనే అన్నరా?" అన్నాను.

"నేను కాకినే అన్నా. నువ్వు కాలు లేపు" అంది.

అంతమంది ముందు నవ్వొచ్చింది. నవ్వితే కాలు తప్పి మిషను మళ్లీ ఆగిపోయింది.

ఇప్పుడు ఆలోచిస్తే మిషనును తప్పు పట్టబుద్ధి కాదు. అది లేకపోతే నన్ను నిలబెట్టడానికే ముగ్గురు మనుషులు కావాలి, పది నిమిషాలకు వాళ్లకు చేతులు పడిపోతాయి. అది అలసిపోదు, విసుక్కోదు. వెయ్యిసార్లు ఒకే తీరుగా కాలు ఎత్తి, ఇదిగో నడకంటే ఇట్లా ఉండేది అని మరిచిపోయిన ఒంటికి గుర్తుచేస్తుంది. నేను చేసిన తప్పు ఏమిటంటే, గుర్తుచేసేదాని మీద ఎక్కి కూర్చున్నాను. చదవాల్సిన పాఠాన్ని పంతులు చేతనే చదివించి, నాకు వచ్చేసిందని ఇంటికి కబురు పంపాను. చేతికందిన నెలలే కొన్ని, అందులో పది రోజులు టీవీ చూస్తూ పోగొట్టాను. ఆ పది రోజులు గుర్తొస్తే నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

సాయంత్రం ఫోనులో అడుగుల మాట ఎత్తడం మానేశాను. విచిత్రం ఏమిటంటే అమ్మ కూడా అడగలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మే వచ్చింది. మందను మా చిన్నాయనకు అప్పగించి, బస్సెక్కి, చెప్పాపెట్టకుండా. గేటు దగ్గర వాచ్‌మన్ చేతికర్ర బయట పెట్టించాడట, ఆ కోపంతో లోపలికి వచ్చింది. అప్పటికి నేను మిషనులో వేలాడుతున్నాను. పారిపోవడానికి కాళ్లు కూడా లేవు.

అమ్మ నా ముఖం చూడలేదు. తెర దిక్కు అసలే చూడలేదు. మిషను పక్కన నేల మీద గొంతుక్కూర్చుని నా కాళ్లను చూసింది. మందలో వెనకాల నడుస్తూ, వందలో ఏ గొర్రె గిట్టలో ముల్లు దిగిందో నడకను బట్టి చెప్పే మనిషి ఆమె. అదే చూపు. ఐదు నిమిషాలు అలా చూసి, లేచి, ఫిజియో అమ్మాయితో అంది.

"బిడ్డా, ఎడమ కాలు వీనిది. కుడి కాలు దీనిది."

ఆ అమ్మాయి తెర మీద ఏదో నొక్కి చూసింది. ఎడమ కాలులో నా సొంత బలం సగానికి పైగా ఉంది. కుడికాలులో దాదాపు ఏమీ లేదు.

"నీకెట్ల ఎరుకైందమ్మా?"

"గొర్ల ఎనుక ఇన్నేండ్ల సంది తిరుగుతున్న. తనంతట తాను కాలు లేపేదానికి ముందుగాల నడుము కదుల్తది. వీనికి కుడి దిక్కు నడుము కదుల్తనే లేదు."

మర్నాటి నుంచి ఆ అమ్మాయి రెండు కాళ్లకూ ఒకే సాయం పెట్టడం మానేసింది. ఎడమదానికి ఇంకా తగ్గించి, కుడి తుంటి మీద తన చెయ్యి ఆనించి, ఇక్కడి నుంచి లేపు, ఇక్కడి నుంచి లేపు అని గంటల తరబడి చెప్పింది. కానీ అది తర్వాతి మాట. ఆ రోజు నన్ను కుర్చీలోకి దించాక, అమ్మ తోసుకుంటూ వరండాలోకి తెచ్చింది. నేను ఇక దాచలేకపోయాను.

"అమ్మా, గా ఎనిమిది వందల అడుగులు నాయి గావు. మిషినుయి."

"ఎరుకే."

"ఎరుకా? ఎట్ల?"

"గంత దూరం నడిచినోనికి దమ్ము రాదా, రొప్పడా? గా దినం నువ్వు పాట పాడినట్టు మాట్లాడినవు. గప్పుడే ఎరుకైంది."

"ఎరుకయి గూడ పొట్టేలును కోసినవా? ఊరందరికి పెట్టినవా?"

అమ్మ వరండా మెట్టు మీద కూర్చుంది.

"నువ్వు నవ్వినవు బిడ్డా" అంది. "ఇన్ని నెలల సంది చస్త చస్త అన్నోనివి, గా దినం నవ్వినవు. ఏ గొర్రె ఈనిందని అడిగినవు. నేను గంగమ్మను అడిగింది నడకనే. ఆమె ముందుగాల నిన్ను ఇచ్చింది. ఇగ నాకు ఆగబుద్ధి గాలే. నాతాన ఇయ్యనీకి గా పొట్టేలు ఒక్కటే ఉండె, పెట్టిన."

నేను ఏడ్చాను. విషమిమ్మని అడిగిన ప్రతి సాయంత్రమూ ఆ ఫోను పెట్టేశాక ఆమె ఏం చేసి ఉంటుందో అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఏడిస్తె కాలు లేస్తదా? ఊరోల్లు రోజు అడుగుతున్నరు, గద్దెకు ఎప్పుడొస్తడని. వస్తడని చెప్పిన. నా మాట పోనియ్యకు" అని లేచింది. గేటు దగ్గర కర్ర తీసుకుని, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను మనిషినయ్యానని చెప్పను. విసుక్కున్నాను, ఒకటి రెండు రోజులు మిషను ఎక్కనని మొండికేశాను కూడా. కానీ టీవీ చూడలేదు. మోటరు సాయం తగ్గుతూ తగ్గుతూ పేరుకు మిగిలింది. ఒకరోజు దాన్నుంచి నన్ను దించేసి రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబెట్టారు. చుట్టూ బెల్టులు లేకపోతే నా బరువు ఎంతో అప్పుడు తెలిసింది. మొదటి రోజు రెండు అడుగులు. తర్వాత వాకర్ ఇచ్చారు. కుడి పాదం వేలాడకుండా చెప్పులో ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. కేంద్రంలో చేరిన రెండున్నర నెలలకు బావ ఆటోలో ఊరికి తీసుకొచ్చాడు.

ఇంటికి పోకముందే గద్దె దగ్గర ఆపమన్నాను. వాడ చివర, రోడ్డు మీది నుంచి యాభై అరవై అడుగులు లోపలికి ఉంటుంది. ఎవరు చెప్పారో, నలభై మంది చేరి ఉన్నారు. అందరూ నా మొక్కు తిన్నవాళ్లే. ఆటో దిగి వాకర్ పట్టుకున్నాను. నేల గట్టిగా లేదు, రాళ్లున్నాయి. బావ చంకలో చెయ్యి వేయబోయాడు.

"ఎవ్వలు ముట్టొద్దు" అంది అమ్మ.

వాకర్ ముందుకు జరిపాను. ఎడమకాలు. కుడి తుంటి లేపాను. కుడికాలు. మళ్లీ వాకర్. ఎవరో ముసలాయన, "మేం తిన్నది అరిగి రెండు నెలలాయె, వీడు గిప్పుడొస్తుండు" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. అమ్మ నా వెనకాల నడుస్తోంది. చిన్నప్పటి నుంచీ ఆమె నడకను నేను అందుకోలేకపోయేవాణ్ణి, పరుగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు నేను ఒక అడుగు వేస్తే ఆమె ఒక అడుగు వేస్తోంది. నేను ఆగితే ఆగుతోంది. చెప్పుల చప్పుడు వినపడుతోంది.

సగం దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది.

వాకర్‌తో వెనక్కి తిరగడం అన్నిటికంటే కష్టమైన పని. కొంచెం కొంచెంగా తిరిగాను. అమ్మ బాట మధ్యలో మట్టిలో కూలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఏడుస్తోంది. నాయిన పోయినప్పుడు కూడా ఆమెను నేను అలా చూడలేదు. వాకర్ ఆమె వైపు జరిపాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"నా దిక్కు రాకు. నువ్వు నడువు కొడుకా, నేనొస్త."

గద్దె ఇంకా పాతిక అడుగులుంది. మళ్లీ అటు తిరిగి నడిచాను.